ఈ అక్షరదోషాలు ఎవరివి?

తెలుగు వ్రాత భ్రష్టమైపోయిందని ఈమధ్య పెద్ద గగ్గోలు పుట్టింది. ఆగస్టు 29న గిడుగువారి జయంతి సభలోనూ ఇదే మాట, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి సభలోనూ ఇదే మాట. విద్యార్థికి ఒత్తు పెట్టడం రాదు, దుకాణం బోర్డుమీద దీర్ఘం లేదు, కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో గిలుకుతున్నారు, ఇక భాష బ్రతకదు అని వేదికమీది పెద్దలు కంటతడి పెట్టినంత పని చేస్తున్నారు. పండితుల పెత్తనంమీద కత్తికట్టిన ఇద్దరి పుట్టినరోజులను సామాన్యుడి వ్రాతను వెక్కిరించడానికి వినియోగించుకుంటున్న ఈ చమత్కారాన్ని ముందు గమనించాలి.

ఈ గగ్గోలుకు జవాబుగా మన అభ్యుదయ శిబిరంలోనుంచే మరొక కేక వినిపిస్తున్నది. భాష ప్రజలది, ప్రజలు ఎట్లా వ్రాస్తే అదే ఒప్పు, వర్ణక్రమం భూస్వామ్య సంస్కృతి మిగిల్చిపోయిన చెత్త అంటున్నారు కొందరు మిత్రులు. మొదటి వాదం అభివృద్ధి నిరోధకమైనదని వేరే చెప్పనక్కరలేదు. రెండవది పైకి విప్లవకరంగా కనబడుతుంది గాని, దాని ఫలితం మొదటిదాని ఫలితంకంటె భిన్నంగా ఉండదు. ఒకడు పేదవాడి బిడ్డను నీకు అక్షరం రాదని తిట్టి పంపిస్తాడు. మరొకడు రాకపోయినా ఫరవాలేదని వీపు తట్టి పంపిస్తాడు. బిడ్డ మాత్రం అక్షరం రాకుండానే ఇంటికి పోతాడు. ఈ రెండు వాదాలూ ఎందుకు త్రోసిపుచ్చవలసినవో చెప్పడానికే ఈ వ్యాసం.

వ్యావహారిక భాషోద్యమాన్ని తమ అలసత్వానికి అండగా నిలుపుకునే మిత్రులు ఆ ఉద్యమ చరిత్రను మరొకసారి తిరగవేస్తే మంచిది. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) వ్రాతలో తప్పులను క్షమించండని ఎవరినీ వేడుకోలేదు. ఆయన చేసింది అంతకంటె చాలా గట్టి పని. గ్రాంథికమే భాష అని శాసించిన పండితుల పుస్తకాలనే ముందు పెట్టుకుని, వారు ప్రాణంగా చెప్పుకున్న వ్యాకరణాన్ని వారే ఎక్కడెక్కడ కాలరాశారో ఏరి చూపించాడు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' ఆ పనిలోనుంచి పుట్టిన గ్రంథమే. నియమం పెట్టినవాడికే నియమం పట్టుబడనప్పుడు దోషం వ్రాసినవాడిదా, నియమానిదా? జయంతి రామయ్య పంతులుగారి పక్షం ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగిందని నేననుకోను. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా భాషకు కట్టుబాటు అక్కరలేదని అనలేదు. వాడుకభాషకే ఒక శిష్టరూపం ఉన్నదని, దానిలో విద్య నేర్పవచ్చునని వాదించింది.

ఇదే రామమూర్తి పంతులు అప్పటికి లిపి లేని సవరభాషను సవరల దగ్గరే నేర్చుకుని, దాని ధ్వనులను ఒక్కొక్కటిగా విడదీసి గుర్తించి, వ్యాకరణం వ్రాశాడు, నిఘంటువు కూర్చాడు. ఆ వ్యాకరణం 1931లో అచ్చయింది. అడవిలో సవరవాడు పలికిన అచ్చును పొల్లుపోకుండా పట్టుకోవడానికి ఏళ్ళతరబడి చెవి ఒగ్గిన మనిషి, "ఎట్లా వ్రాస్తే ఏమిటి?" అన్న వాదాన్ని వింటే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు. పైగా ఆయనకు చెవుడు. ఆ చెవుడు వచ్చింది కూడా ఈ అడవి తిరుగుళ్ళలో మలేరియాకు పుచ్చుకున్న క్వినైను మూలంగానే అంటారు.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. దాని బాటలో నడిచిన బడులలో తరతరాల పిల్లలు ఎక్కడ అరసున్న పెట్టాలో, ఎక్కడ బండి ర వ్రాయాలో బట్టీ పట్టారు. నోటిలో ఎన్నడో చచ్చిపోయిన ధ్వనులకు కాగితంమీద కర్మకాండ జరిపించడమే ఆ చదువు. చివరకు అరసున్న పోయింది, బండి ర పోయింది. ఆకాశం విరిగి పడలేదు. వాఁడు వాడు అయినా వాడు వాడుగానే ఉన్నాడు.

రష్యాలో జరిగింది కూడా ఇదే. ఉచ్చారణలో తేడా లేని కొన్ని అక్షరాలను తీసివేసి వ్రాతను సులభం చెయ్యాలని అకాడమీ పండితులు విప్లవానికి ముందే పథకం తయారుచేసి ఉంచారు. జారు పాలనలో అది అటకెక్కింది. 1917 డిసెంబరులోనూ, 1918 అక్టోబరులోనూ సోవియట్ ప్రభుత్వం శాసనాలు చేసి దాన్ని అమలులో పెట్టింది. సరే, అక్కడితో ఊరుకున్నదా? 1919 డిసెంబరులో, అంతర్యుద్ధం సాగుతుండగానే, 8 ఏళ్ళు మొదలు 50 ఏళ్ళవరకు చదువురాని ప్రతివాడూ చదువు నేర్చుకోవాలని మరొక శాసనం చేసింది. నియమాన్ని సులభం చెయ్యడం, సులభం చేసిన నియమాన్ని అందరికీ నేర్పడం — ఈ రెండూ ఒకే పనిలో రెండు భాగాలు. మొదటి భాగాన్ని మాత్రమే పట్టుకుని అదీ సగం చేసి, రెండవదాన్ని వదిలేసినవాడు తనను విప్లవకారుడినని చెప్పుకోవడానికి వీల్లేదు. మన పొరుగున తమిళనాడులో పెరియార్ 1935 నుంచి తన పత్రికలో వాడి చూపించిన అక్షర సంస్కరణను 1978లో ప్రభుత్వం స్వీకరించింది. అక్కడ కూడా మార్చిన అక్షరాన్ని బడిలో నేర్పారు.

ఇప్పుడు మన తరగతిగదికి వద్దాం. డిగ్రీ విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు. అచ్చమైన తెలుగు మాటల్లో వచ్చే తప్పులు తక్కువ. చెట్టు, గట్టు, నాగలి, కూలి, మొగులు, వడ్లు — వీటిని తప్పు వ్రాసే విద్యార్థి అరుదు. తప్పులన్నీ వచ్చి సంస్కృత పదాల గుమ్మంలో కుప్పపడతాయి. విద్యార్థి 'విధ్యార్థి' అవుతాడు. బాధ 'భాద' అవుతుంది. అద్భుతం 'అధ్భుతం' అవుతుంది. సందర్భంలో ఒత్తు ఊడిపోతుంది, ప్రబంధంలో లేనిచోట మొలుస్తుంది. అర్థానికీ అర్ధానికీ మధ్య గోడ కూలిపోయి చాలాకాలమైంది.

దీన్ని అజ్ఞానం అని కొట్టివేస్తే సరిపోదు, పరిశీలించాలి. 'విధ్యార్థి' అని వ్రాసినవాడు ఒత్తును నిర్లక్ష్యం చెయ్యలేదు, అక్కరలేనిచోట అదనంగా పెట్టాడు. ఎందుకు పెట్టాడు? ఆ మాట గొప్పదని, గొప్ప మాటలో ఎక్కడో ఒకచోట ఒత్తు ఉండి తీరుతుందని, పెట్టకపోతే అయ్యవారు నవ్వుతారని భయపడి పెట్టాడు. వాడి ఇంట్లో, వాడలో ఒత్తు పలికేవారు లేరు. తెలుగు దేశ్యపదాలకు సహజంగా ఒత్తక్షరాలు లేవన్నది భాషాశాస్త్రం తెలిసిన ప్రతివారూ ఒప్పుకునే సత్యం. నోట లేని ధ్వనిని కంటితో గుర్తుపెట్టుకోవాలంటే పుస్తకం కావాలి, చదివే తీరిక కావాలి, ఇంట్లో ఒక అలమార కావాలి. ఇవి లేని బిడ్డ అంచనామీద ఒత్తు పెడతాడు. మరి పండితుల బిడ్డ? వాడు కూడా నోట ఒత్తు పలకడు, కాని వాడి కంటికి ఆ మాట చిన్ననాటినుంచి అలవాటు. కనుక ఇక్కడ పరీక్షకు నిలబడుతున్నది తెలివితేటలు కావు, ఇంటి అలమార.

అందుకని ఒత్తులన్నీ ఎత్తివేద్దామా? కొందరు ఆ మాట కూడా అన్నారు. నేను ఒప్పుకోను. మడి వేరు, మది వేరు అయినట్టే అర్థం వేరు, అర్ధం వేరు. ఉన్న భేదాన్ని చెరిపివేయడం వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదు. మొన్నటివరకు అచ్చయిన పుస్తకాలన్నీ వాడికి పరాయివైపోతాయి, అంతే. ఒత్తు ఎక్కడ వస్తుందో నేర్పవలసిన పద్ధతిలో నేర్పితే పదిహేను రోజుల పని. విద్ అన్న ధాతువు ఒకటి చెబితే విద్య, విద్యార్థి, విద్వాంసుడు, విద్వత్తు, వేదం అన్నీ ఒక తాడున వస్తాయి. ఈ పదిహేను రోజులు మన పాఠ్యప్రణాళికలో ఎక్కడా లేవు.

దీనికి పూర్తిగా భిన్నమైన మరొక రకం 'తప్పు' ఉన్నది. విద్యార్థి "రాజు వచ్చిండు" అని వ్రాస్తాడు. ఎర్రసిరా దాన్ని కొట్టివేసి "వచ్చాడు" అని దిద్దుతుంది. "వాండ్లు" అంటే "వాళ్ళు" అని, "గట్ల" అంటే "అలా" అని దిద్దుతుంది. ఇది అక్షరదోషం కాదు, భాషాభేదం. వచ్చిండు అన్నది ఒక ప్రాంతమంతా ఏకరీతిగా పలికే, తన సూత్రం తాను తప్పని క్రియారూపం. దానికి వర్ణక్రమం కూడా స్థిరంగానే ఉన్నది. ఈ రెంటినీ ఒకే సిరాతో కొట్టివేసే అధ్యాపకుడు విద్యార్థికి ఏమి నేర్పుతున్నాడు? నీ ఒత్తు తప్పు, నీ అమ్మ మాట తప్పు, రెండూ ఒకే తప్పు అని నేర్పుతున్నాడు. ఇక ఆ బిడ్డకు ఒత్తు నేర్చుకోవాలన్న బుద్ధి పుడుతుందా?

1921లో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోనుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. మన హనుమకొండలోనే 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. ఉర్దూ పాలనలో తెలుగు అక్షరాన్ని కాపాడుకున్న ఈ గడ్డమీద అక్షరం పట్ల నిర్లక్ష్యాన్ని ప్రజాస్వామ్యం పేరుతో సమర్థించడం నాకు వింతగానే ఉన్నది. కాళోజీ యాసను యాసగా వ్రాసినవాడు. యాసను నిలబెట్టి వ్రాయాలంటే అక్షరాన్ని ఆచితూచి వెయ్యాలి. ఒక్క దీర్ఘం తప్పితే వరంగల్లు యాస నల్లగొండ యాస అయిపోతుంది.

రూపభేదాలన్నీ దోషాలు కావనడానికి మన ఊరి పేరే సాక్ష్యం. కాకతీయుల కాలంలో ఇది అనుమకొండ. తరువాత హనుమంతుడు వచ్చి చేరాడు, హనుమకొండ అయింది. జనం నోట హన్మకొండ అయింది. దొరల ఇంగ్లీషు స్పెల్లింగును తిరిగి తెలుగులో చదువుకోగా హనంకొండ అయింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు మార్చిన తరువాత కూడా చౌరస్తాలో నిలబడి తల ఎత్తితే ఈ రూపాలన్నీ కనబడతాయి. దీనివల్ల ఇంతవరకు ఎవరూ దారి తప్పలేదు. వాళ్ళు అని వ్రాసినా, వాళ్లు అని వ్రాసినా ఎవరి కొంపా మునగదు. ఆనాటి వ్యావహారికవాదుల్లో కొందరు వొక, యీ, యెందుకు అని పట్టుబట్టి వ్రాశారు. ఇప్పుడు చదివితే కొంచెం ముచ్చటగానే ఉంటుంది.

కాని ఇదే రూపభేదం పట్టాదారు పాసుపుస్తకంలో పడితే ఏమవుతుందో మన జిల్లా రైతులను అడగండి. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. ఐలయ్య అన్న పేరును అయిలయ్య అని కూడా వ్రాయవచ్చు. రెండూ ఒప్పే. తాతల కాలంనుంచి ఆ మనిషి వేలిముద్రే వేశాడు గనుక తన పేరు ఏ రూపంలో ఉన్నదో తనకే తెలియదు. పాసుపుస్తకంలో ఒక రూపం, ఆధార్ కార్డులో మరొక రూపం, బ్యాంకులో ఇంగ్లీషు రూపం. ఆధార్‌లో ఇంగ్లీషులో ఎక్కించిన పేరును యంత్రమే తెలుగులోకి మారుస్తుంది. 'అయ్య'ను ఇంగ్లీషులో వ్రాసే మన ఆచారం ఆ యంత్రానికి తెలియదు. కొమురయ్య అక్కడినుంచి 'కొమురైః' లాంటి ఏ విసర్గతోనో తిరిగి వస్తాడు. ఆ విసర్గ రైతు పెట్టినది కాదు. కాని దాన్ని తీయించడానికి మీసేవ కేంద్రానికి పోవలసినది రైతు, రుసుము కట్టవలసినది రైతు, కూలి పోగొట్టుకోవలసినది రైతు. ధరణి నడిచినన్నాళ్ళు సవరణల అధికారం చాలామేరకు కలెక్టరు చేతిలోనే ఉండేది. ఒక దీర్ఘం సరిచేయించుకోవడానికి జిల్లా కేంద్రం దాకా నడవాలన్న మాట. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం పేరు మారింది గాని, పాత పుస్తకాల్లో పడిన తప్పులు చట్టంతోపాటు వాటంతట అవి పోవు.

మా విద్యార్థి ఒకడి తండ్రికి రెండెకరాల పొలం. ఇంటిపేరులో 'ళ' ఉండవలసినచోట 'ల' పడింది. ఆయన ఒక కార్యాలయం చుట్టూ ఏడాదికి పైగా తిరిగాడు. ప్రతిసారీ, దరఖాస్తు సరిగా లేదు, మళ్ళీ వ్రాసుకు రమ్మన్నారు. ఆ దరఖాస్తును తిప్పిపంపిన కాగితం నేను చూశాను. నాలుగు పంక్తుల ఆ కాగితంలో మూడు అక్షరదోషాలున్నాయి. వాటికి సవరణ రుసుము ఎవరు కట్టాలి?

వేదికమీద కన్నీరు కార్చే పెద్దలకు ఈ తప్పు కనపడదు. కూరగాయల బండిమీద సుద్దముక్కతో వ్రాసిన 'వంకయలు' కనపడుతుంది. ఆ బండివాడు వంకాయలో దీర్ఘం మరిచిపోయాడు గాని తూకంలో తప్పలేదు. సర్కారు కాగితంలో, జాతీయ రహదారి పలకమీద, ప్రశ్నపత్రంలో పడిన తప్పు లక్షల మందిని తాకుతుంది. తప్పుకు బరువు ఉంటుంది. ఆ బరువు వ్రాసినవాడి అధికారాన్నిబట్టి పెరుగుతుంది. వాత పెట్టడం మాత్రం ఎప్పుడూ క్రింది చివరనుంచే మొదలవుతున్నది.

ఇక చదువుల సంగతి. 2018లో తెలంగాణ శాసనసభ ఒకటినుంచి పదవ తరగతివరకు తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఇంగ్లీషు కావాలని దళిత, వెనుకబడిన వర్గాల తల్లిదండ్రులు అడగడంలో న్యాయమున్నది. తమ పిల్లలను ఇంగ్లీషు బడుల్లో చదివించుకున్న తెలుగు ఆచార్యులకు వారిని తప్పుపట్టే అర్హత లేదు. కాని పంతులుకు ఇంగ్లీషు నేర్పకుండా, బడికి పంతులును ఇవ్వకుండా పుస్తకం మాత్రం మార్చితే బిడ్డకు దక్కేది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. రెండు భాషల్లోనూ స్పెల్లింగు రాని తరం తయారవుతున్నదంటే ఆ తరానికి సోమరితనం అంటగట్టి లాభం లేదు. ఇంటర్మీడియట్‌లో అడుగు పెట్టగానే కార్పొరేట్ కళాశాల తెలుగును తప్పించి సంస్కృతం అంటగడుతుంది. సంస్కృతంమీద భక్తితో కాదు, మార్కులమీద భక్తితో. సంస్కృత ప్రశ్నకు తెలుగులోనో ఇంగ్లీషులోనో జవాబు వ్రాసి నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్న విద్యార్థికి సంస్కృతమూ రాలేదు, ఆ సంస్కృతం వల్ల తెలుగులో ఒత్తయినా పట్టుబడలేదు. ఆ పై మెట్టున, విశ్వవిద్యాలయాల్లో, తెలుగు చెప్పే భారం చాలామేరకు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల భుజాలమీద ఉన్నది. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియనివాడు ఎనభై వ్యాసాలు ఒత్తు ఒత్తూ దిద్దాలని శాసించడం సులభమే.

సెల్‌ఫోను వ్రాత గురించి ఒక్క మాట చెప్పాలి. రోమన్ అక్షరాలతో తెలుగు వ్రాయడం దేశద్రోహమేమీ కాదు, అవసరం నేర్పిన ఉపాయం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, చేతిలోని ఫోనులో తెలుగు అక్షరాలు సజావుగా కనబడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా అలవాటు స్థిరపడింది. నష్టం మాత్రం ఉన్నది. ద అయినా డ అయినా రోమన్‌లో ఒకటే అక్షరం, ల అయినా ళ అయినా ఒకటే, న అయినా ణ అయినా ఒకటే. కలకూ కళకూ, పాదుకూ పాడుకూ తేడా చూడకుండానే రోజుకు వంద వాక్యాలు వ్రాసే చేయి, పరీక్షనాడు ఆ తేడాను ఎక్కడినుంచి తెస్తుంది? ఇప్పుడు దాదాపు ప్రతి ఫోనులోనూ తెలుగు మీటలు ఉన్నాయి. మన విద్యార్థి సంఘాల కరపత్రాలు, సభల ఆహ్వానాలు కూడా ఇంకా రోమన్‌లోనే తిరుగుతున్నాయంటే దానికి సామ్రాజ్యవాదాన్ని నిందించలేము.

పత్రికల మాట వేరు. సీసపు అక్షరాల అచ్చుకూటాల రోజుల్లో గళ్ళపెట్టె ముందు నిలబడిన కంపోజిటర్ ఏ డిగ్రీ లేని కార్మికుడు. కాని వర్ణక్రమంలో రచయితలకే పాఠం చెప్పగలవాడు. అతని తరువాత ప్రూఫ్‌రీడర్, అతని తరువాత మళ్ళీ ప్రూఫు. ఇంత జరిగినా తప్పు పడితే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసి పాఠకుడికి చెప్పుకునేవారు. యంత్రం వచ్చింది. కంపోజిటర్ పోయాడు, అతని వెనుకనే ప్రూఫ్‌రీడర్ కూడా పోయాడు. అను ఫాంట్లలో కూర్చినదాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన ఒత్తులను తిరిగి ఏరిపెట్టే మనిషి లేడు. అంటే, అచ్చులో పెరిగిన తప్పుల్లో ఒక భాగం యజమాని మిగుల్చుకున్న జీతం. భాష క్షీణించిందని సంపాదకీయం వ్రాసే పత్రిక తన ప్రూఫుల విభాగంలో పదేళ్ళ క్రితం ఎందరున్నారో, ఇప్పుడు ఎందరున్నారో కూడా అదే సంపాదకీయంలో వేస్తే బాగుంటుంది.

మన పుస్తకాలు మాత్రం తక్కువ తిన్నవా? 1946 జులై 4న కడవెండిలో దొరసాని గూండాల తుపాకీకి నేలకొరిగిన అమరుడి పేరును మన సాహిత్యమే కొన్నిచోట్ల దొడ్డి కొమరయ్య అని, కొన్నిచోట్ల దొడ్డి కొమురయ్య అని వ్రాసుకుంటూ వస్తున్నది. ఒకే పుస్తకంలో రెండు రూపాలూ కనపడితే దాన్ని ప్రజాభాష అనకూడదు, ప్రూఫు చూడకపోవడం అనాలి.

కనుక చెయ్యవలసిన పని ఎక్కడున్నదో స్పష్టమే. ఉపాధ్యాయ సంఘాలు జీతాల మహజరుతోపాటు, పాఠ్యప్రణాళికలో వర్ణక్రమానికి గంటలు కేటాయించాలని మహజరు పెట్టాలి. యాసలోని రూపాన్ని తప్పుగా కొట్టివేయరాదని మూల్యాంకన నిబంధనల్లో వ్రాయించాలి. రైతు సంఘాలతో కలిసి విద్యార్థులు గ్రామాలకు పోయి, పాసుపుస్తకాన్నీ ఆధార్‌నూ ప్రక్కప్రక్కన పెట్టి, పేర్ల తేడాల జాబితా గ్రామంవారీగా తయారు చెయ్యాలి. తెలుగు ఎం.ఏ. చదివినవారికి ఇంతకంటె తగిన పని లేదు. ఆ జాబితాలో కార్యాలయమో, యంత్రమో చేసిన ప్రతి తప్పును కార్యాలయమే తన ఖర్చుతో, రైతును పిలవకుండా, గడువులోపల సవరించాలని అడగాలి. మీసేవలో ఇంతకాలం కట్టించుకున్న సవరణ రుసుమును తిరిగి ఇవ్వాలని కూడా అడగాలి.